విక్రాంత్ పేరు మోసిన రాజ్‌పుత్

1971 యుద్ధంలో విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి గాజీని ముంచింది ఎవరు? విశాఖలో ఉండేవాళ్ళకి డిసెంబరు వచ్చిందంటే ఈ ప్రశ్న తప్పదు. నేవీ డే విన్యాసాలు చూడటానికి జనం ఆర్కే బీచ్‌కి వస్తారు, ఒడ్డున మ్యూజియంగా పెట్టిన మన జలాంతర్గామి కుర్సురా ముందు నిలబడి ఫొటోలు దిగుతారు, ఎవరో ఒకరు గాజీ పేరెత్తుతారు. ఇక వాదన మొదలు. మన నౌక డెప్త్ ఛార్జీలు (నీళ్ళలోపల పేలే బాంబులు) వేసి ముంచిందని ఒకరు, గాజీ నీళ్ళలో పెట్టిన మైను (మందుపాతర) దానికే తగిలిందని ఇంకొకరు, లోపల బ్యాటరీ గ్యాసు పేలిందని మూడో ఆయన. యాభై ఏళ్ళు దాటినా ఆ వాదన తెగలేదు. తెగుతుందని కూడా నాకు నమ్మకం లేదు.

నేను చెప్పదలచుకున్నది వేరు. ఆ ప్రశ్నకి జవాబు ఏదైనా సరే, 1971లో ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే ముసలి డిస్ట్రాయరూ, దాని మీది నావికులూ చేసిన పని విలువ రవ్వంత కూడా తగ్గదు. వాళ్ళు చేసిన అసలు పని గాజీని ముంచడం కాదు. తమకంటే ఎన్నో రెట్లు విలువైన ఇంకో ఓడ పేరు తగిలించుకుని, శత్రువు తమని వెతుక్కుంటూ వచ్చేలా సముద్రంలో తిరగడం. ఆ సంగతి మాట్లాడుకోకుండా, మొత్తం ఘనతని ఒక రాత్రి నీళ్ళలో పడిన రెండు డెప్త్ ఛార్జీలకి కట్టేశాం. వాటి మీద అనుమానం వచ్చిన ప్రతిసారీ ఆ నావికుల ఘనత మీద కూడా అనుమానం వస్తోంది. ఇది వాళ్ళకి మనం చేస్తున్న అన్యాయం.

ముందు ఓడ సంగతి. ఇది 1942లో స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో, జాన్ బ్రౌన్ యార్డులో తయారైంది. అప్పటి పేరు హెచ్‌ఎంఎస్ రోథర్‌హామ్. రెండో ప్రపంచయుద్ధం చివరి ఏళ్ళలో బ్రిటిష్ వాళ్ళ ఈస్టర్న్ ఫ్లీట్‌తో హిందూ మహాసముద్రంలో పనిచేసింది. 1945 సెప్టెంబరులో సింగపూర్ నౌకాస్థావరాన్ని జపాన్ వాళ్ళు అప్పగించినప్పుడు అక్కడే ఉంది. 1949లో మన నేవీకి వచ్చి రాజ్‌పుత్ అయింది. దానితో పాటు వచ్చిన రెడౌట్, రైడర్ అనే ఇంకో రెండు డిస్ట్రాయర్లు రంజిత్, రాణా అయ్యాయి. స్వతంత్ర భారతానికి మొదటి డిస్ట్రాయర్లు ఇవే. 1961లో గోవా విమోచన సమయంలో కొత్తగా వచ్చిన విమాన వాహక నౌక విక్రాంత్‌కి తోడుగా ఉన్న నౌకల్లో రాజ్‌పుత్ కూడా ఉంది. పదేళ్ళ తరవాత అదే విక్రాంత్ వేషం తనే కట్టాల్సి వస్తుందని అప్పుడెవరు అనుకుని ఉంటారు?

(ఇక్కడ చాలామంది తికమకపడతారు కాబట్టి ఒక మాట. 2021 మేలో విశాఖ డాక్‌యార్డులో సేవలు ముగించుకున్న రాజ్‌పుత్ ఇది కాదు. అది 1980లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన క్షిపణి నౌక. పాత రాజ్‌పుత్‌ని 1976లోనే తుక్కు కింద అమ్మేశారు.)

1971 నాటికి ఆ ఓడకి దగ్గర దగ్గర ముప్పై ఏళ్ళు. కొత్తలో గంటకి 36 నాటికల్ మైళ్ళు పరిగెత్తిన ఆవిరి ఓడ. డిస్ట్రాయర్ అంటే ఇప్పటివాళ్ళ కళ్ళకి క్షిపణులూ హెలికాప్టర్లూ ఉన్న పెద్ద నౌక కనబడుతుంది. ఇది అలాంటిది కాదు. 1,750 టన్నుల ఓడ, నాలుగు 4.7 అంగుళాల తుపాకులు, టార్పెడోలు, వెనక డెప్త్ ఛార్జీలు. అన్నీ 1940ల నాటివే. యుద్ధం వచ్చేసరికి ఇది విశ్రాంతికి దగ్గరపడిన ఓడ.

ఇప్పుడు విక్రాంత్ పరిస్థితి చూడాలి. అప్పటికి మనకున్న ఒకే ఒక్క విమాన వాహక నౌక అది. దాని బాయిలర్లలో ఒకదానికి పగుళ్ళొచ్చాయి. పూర్తి వేగం అందుకోలేదు. విమాన వాహక నౌకకి వేగం తగ్గితే రెండు రకాల ప్రమాదం. డెక్ మీద ఎదురుగాలి చాలక విమానాలు లేవడం కష్టమవుతుంది, జలాంతర్గామికి సులువుగా చిక్కుతుంది. అలాంటి ఓడని పశ్చిమాన కరాచీ వైపు పంపకుండా తూర్పుకి తెచ్చారు. తూర్పు పాకిస్తాన్ రేవుల్ని మూసెయ్యాలంటే, చిట్టగాంగ్, కాక్స్‌బజార్ మీద దాడి చెయ్యాలంటే, ఆ సముద్రంలో మనకున్న విమానబలం అదే.

పాకిస్తాన్‌కి కూడా ఈ లెక్క తెలుసు. వాళ్ళ దగ్గర బంగాళాఖాతం దాకా వచ్చి వెళ్ళగల దూరప్రయాణపు జలాంతర్గామి గాజీ ఒక్కటే. అమెరికాలో 1945లో నేవీలో చేరిన యుఎస్‌ఎస్ డయాబ్లో అది, 1964లో పాకిస్తాన్‌కి వచ్చింది. 1971 నవంబరు 14న కరాచీలో బయల్దేరి, శ్రీలంక చుట్టూ తిరిగి, తూర్పు తీరం వైపు వచ్చింది. కమాండర్ జఫర్ మొహమ్మద్ ఖాన్, ఆయనతో పాటు 90 మందికి పైగా నావికులు. పని రెండు రకాలు: విక్రాంత్‌ని వెతికి ముంచడం, కుదిరితే విశాఖ రేవు బయట మైన్లు పెట్టడం.

ఈ సంగతి మనకి ఎలా తెలిసిందన్నది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. చిట్టగాంగ్‌లోని నౌకాధికారులకి పాకిస్తాన్ వైపు నుంచి ఒక సందేశం వెళ్ళింది. ఫలానా రకం లూబ్రికేషన్ ఆయిల్ మీ దగ్గర దొరుకుతుందా అని. ఆ ఆయిల్ వాడేవి జలాంతర్గాములూ, మైన్లు ఏరే ఓడలూ మాత్రమే. మనవాళ్ళు ఆ సందేశం పట్టుకున్నారు. గాజీ వస్తోందని తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్‌కి ఆ నూనె మాటతో రూఢి అయింది.

కృష్ణన్ విక్రాంత్‌ని అండమాన్ ఉత్తర కొసన ఉన్న పోర్ట్ కార్న్‌వాలిస్‌కి పంపేశారు. అక్కడ జనసంచారం లేదు, కబురు మోసేవాడు లేడు. ఓడని దాచడం ఒక ఎత్తు. అది ఇంకా ఇక్కడే ఉందని నమ్మించడం ఇంకో ఎత్తు. ఆ రెండో పనికి రాజ్‌పుత్‌ని తీసుకున్నారు.

కృష్ణన్ తరవాత స్వయంగా రాసిన దాని ప్రకారం, రాజ్‌పుత్‌ని విశాఖకి దాదాపు 160 మైళ్ళ దూరం పంపి, విక్రాంత్ పిలుపు గుర్తుతో, విక్రాంత్ వాడే రేడియో తరంగాల మీద మాట్లాడమన్నారు. పెద్ద ఓడకి మాత్రమే అవసరమయ్యే మోతాదుల్లో సరుకులు అడగమన్నారు. విశాఖలో కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు భారీగా కావాలని చెప్పారు. బజారులో ఈ మాట పాకుతుందనీ, వినాల్సిన చెవులు వింటాయనీ ఆయన లెక్క. మద్రాసు నౌకాధికారికి విక్రాంత్ వస్తోంది, చోటు సిద్ధం చెయ్యమని కబురు పెట్టారు. అన్నింటికంటే నాకు నచ్చింది ఒక మామూలు టెలిగ్రాం. విక్రాంత్ మీద ఉన్నట్టు చెప్పుకునే ఒక నావికుడు, జబ్బుపడిన తన తల్లి ఎలా ఉందో చెప్పమని, ఎలాంటి రహస్య సంకేతాలూ లేకుండా పంపినట్టు అది వెళ్ళింది. యుద్ధ వ్యూహాలు ఎన్నో చదివాం కానీ, అమ్మ ఆరోగ్యం అడిగే కొడుకుని వ్యూహంలోకి తెచ్చిన తెలివి అరుదు. శత్రువు గూఢచారి కూడా ఒక తల్లి కొడుకే, ఆ టెలిగ్రాంని నమ్మకుండా ఉండలేడు.

గాజీ నమ్మింది. సరిగ్గా చెప్పాలంటే కరాచీ నమ్మింది. విమాన వాహక నౌక రేవులోనే ఉందని సమాచారం, వెంటనే విశాఖ ప్రాంతానికి వెళ్ళమని కరాచీ నుంచి గాజీకి ఆదేశం వెళ్ళింది. ఆ కాగితం తరవాత గాజీ శిథిలాల నుంచే బయటపడిందని కృష్ణన్ రాశారు.

ఇక్కడ ఆగి ఆ నావికుల గురించి ఆలోచించాలి. పులి కోసం కట్టే మేకపిల్లకి తను ఎందుకు అక్కడుందో తెలియదు. రాజ్‌పుత్‌లో రేడియో గదిలో కూర్చున్న మనిషికి తెలుసు. తను పంపుతున్న పిలుపు గుర్తు తమ ఓడది కాదని అతనికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ ఓడ కమాండర్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్‌కి తెలుసు. ఒకే ఓడలో కొన్ని వారాలు కలిసి తిని, కలిసి పడుకునే మనుషుల మధ్య ఇలాంటి మాట దాగదు. మనం విక్రాంత్ అని చెప్పుకుంటున్నాం, విక్రాంత్‌ని ముంచడానికి వచ్చేవాడు ముందు మన దగ్గరికే వస్తాడు. ఈ లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

నిజానికి అది విక్రాంత్‌ని పోలిన ఓడ కూడా కాదు. విక్రాంత్ పొడవు 200 మీటర్లు దాటితే, రాజ్‌పుత్ అందులో సగం. బరువులో ఎనిమిదో వంతో తొమ్మిదో వంతో. ఆ వేషం రేడియో తరంగాల మీద నిలుస్తుంది గానీ పెరిస్కోప్ ముందు క్షణం కూడా నిలవదు. గాజీ దగ్గరికొచ్చి చూస్తే ఇది విక్రాంత్ కాదని తెలిసిపోతుంది. తెలిశాక? యుద్ధం మొదలై ఉంటే టార్పెడో వదలడానికి డిస్ట్రాయర్ మాత్రం తక్కువ వేటా? డిసెంబరు 3 దాకా యుద్ధం అధికారికంగా మొదలవలేదు కాబట్టి అప్పటిదాకా ప్రమాదం అంతగా లేదని ఒక మాట అనవచ్చు. కానీ ఆ ఘడియ ఎప్పుడు వస్తుందో సముద్రంలో ఉన్నవాళ్ళకి ఎవరు చెప్పగలిగారు? తూర్పు సరిహద్దులో నవంబరు చివర్లోనే విమానాలు కూలాయి.

ఈ పనికి రాజ్‌పుత్‌నే ఎందుకు ఎంచుకున్నారు? రాసిన కారణాల కంటే రాయని కారణం నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. అది పోయినా నేవీ తట్టుకోగలదు. ఎలాగూ సేవల నుంచి తప్పించాల్సిన ఓడ. యుద్ధంలో ఇలాంటి లెక్కలు వెయ్యక తప్పదు. వేసిన కృష్ణన్‌ని నేను తప్పుపట్టను, ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు. కానీ ఓడ ముసలిదే గానీ దాని మీది మనుషులు ముసలివాళ్ళు కాదు. ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్న కుర్రాళ్ళు. వాళ్ళ తల్లులు నిజంగానే వాళ్ళ ఉత్తరాల కోసం ఎదురుచూస్తున్నారు.

డిసెంబరు 3 సాయంత్రం పశ్చిమాన మన విమాన స్థావరాల మీద పాకిస్తాన్ బాంబులు వేసింది. ఆ రాత్రి విశాఖలో దీపాలు లేవు. రేవులోకి దారి చూపే దీపాలు కూడా ఆర్పేశారు. రాజ్‌పుత్ రేవుకి తిరిగొచ్చి, ఇంధనం నింపుకుని సిద్ధంగా ఉంది. కృష్ణన్ ఇందర్ సింగ్‌ని పిలిపించి సూటిగా చెప్పారు: హార్బర్ దాటిన క్షణం నుంచీ బయట జలాంతర్గామి ఉందనే అనుకో, మన ఎత్తు పారి ఉంటే అది విక్రాంత్ కోసం ఇక్కడే కాచుకుని ఉంటుంది.

అర్ధరాత్రికి కాస్త ముందు రాజ్‌పుత్ కదిలింది. విశాఖ హార్బర్ తెలిసినవాళ్ళకి ఆ దారి తెలుసు. ఒకపక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, సన్నటి ఛానెల్, దాన్ని దాటితే వెంటనే తెరిచిన సముద్రం. రేవులోంచి ఓడలకి దారి చూపే పైలట్ ఓడలోనే ఉన్నాడు. మామూలుగా ఛానెల్ దాటాక ఓడని ఆపి పైలట్‌ని పడవలోకి దించుతారు. ఛానెల్ సగంలో ఉండగా ఇందర్ సింగ్‌కి తట్టింది: బయట జలాంతర్గామి ఉంటే, పైలట్‌ని దించడానికి ఆగిన ఆ కొన్ని నిమిషాలే చాలు, గురిపెట్టి కొట్టొచ్చు. అందుకని ఛానెల్లోనే ఇంజన్లు ఆపి, పైలట్‌ని దించేసి, పూర్తి వేగంతో బయటికి వచ్చారు.

నా దృష్టిలో ఆ రాత్రి అన్నింటికంటే గొప్ప క్షణం ఇదే, డెప్త్ ఛార్జీలు పడిన క్షణం కాదు. చీకట్లో, దీపాలు లేని సన్నటి ఛానెల్లో, ముసలి ఆవిరి ఓడని ఆపి మళ్ళీ పూర్తి వేగం అందుకోవడం మాటలు కాదు. బ్రిడ్జి మీద ఉన్నవాళ్ళతో పాటు కింద బాయిలర్ గదిలో, ఇంజన్ గదిలో ఉన్నవాళ్ళు కూడా ఆదేశం రాగానే ఆవిరి పెంచాలి. బయట ఏం జరుగుతోందో వాళ్ళకి కనబడదు. టార్పెడో తగిలితే ముందు నీళ్ళు వచ్చేది వాళ్ళ మీదికే. ఈ ఓడ కథ చెప్పేవాళ్ళు కమాండర్ పేరు చెప్తారు, అడ్మిరల్ పేరు చెప్తారు. ఆ కింది గదుల్లో ఎవరున్నారో ఎవరూ చెప్పరు.

బయటికొచ్చిన కాసేపటికి, ఓడ ముందు దిక్కున కుడివైపు నీళ్ళు అసాధారణంగా కల్లోలపడుతున్నాయని కాపలా ఉన్న నావికుడు కేక వేశాడు. జలాంతర్గామి మునిగేటప్పుడు అలా జరగొచ్చు. ఇందర్ సింగ్ అటే ఓడ తిప్పి, ఆ చోటు మీదుగా వెళ్ళి రెండు డెప్త్ ఛార్జీలు వదిలారు. ఓడ తన దారిన తను వెళ్ళిపోయింది. ఆ తరవాత, 12 గంటల 15 నిమిషాలకి, పెద్ద పేలుడు. తీర రక్షణ తుపాకులుండే కోస్టల్ బ్యాటరీ దగ్గర కాపలా ఉన్నవాళ్ళు విన్నారు. ప్రధానమంత్రి ఇందిరా గాంధీ ప్రసంగం కోసం రేడియోల ముందు కూర్చున్న ఊరు మొత్తం విన్నది. భూకంపమనుకుని జనం బయటికి పరుగెత్తారు. పోర్టులో పనిచేసిన మా పెద్దనాన్న ఆ చప్పుడు గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పేవారు, ఇప్పటికీ ఎవరో వింటున్నట్టు. గాజీ నుంచి తరవాత తీసిన ఒక గడియారం సరిగ్గా ఆ సమయానికే ఆగిపోయి ఉందట.

మర్నాడు జాలర్లకి నూనె తెట్టు కనబడింది, తేలుతున్న వస్తువులు దొరికాయి. నేవీ డైవర్లు దిగి, అడుగున ఉన్నది జలాంతర్గామేనని నిర్ధారించారు.

అంటే రాజ్‌పుతే ముంచిందా? కావచ్చు. డెప్త్ ఛార్జీలు పడిన చోటు, గాజీ దొరికిన చోటు చాలా దగ్గర అని కృష్ణన్ వాదన. కానీ డెప్త్ ఛార్జీలు పడ్డ సమయానికీ, పెద్ద పేలుడుకీ మధ్య ఖాళీ ఉంది. డెప్త్ ఛార్జి జలాంతర్గామి గట్టి చట్రాన్ని పగలగొట్టాలంటే కొద్ది మీటర్ల దగ్గరే పేలాలి. దెబ్బ ముందు భాగంలో ఉందనీ, అక్కడి మైన్లో టార్పెడోలో పేలి ఉంటాయనీ మన నేవీలో పెద్ద హోదాల్లో పనిచేసినవాళ్ళే రాశారు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది, దాన్ని సరిగా బయటికి పంపకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. దాదాపు మూడు వారాలు సముద్రంలో ఉన్న పాత జలాంతర్గామిలో అది జరగకూడదని ఏం లేదు. పాకిస్తాన్ వాదన అయితే మొదటి నుంచీ ఇదే, ప్రమాదమని. గాజీకి సంబంధించిన మన తూర్పు కమాండ్ రికార్డులు ధ్వంసమయ్యాయని 2010లో పత్రికల్లో వచ్చింది. అది చదివిన రోజు నాకు నిజంగా కడుపు మండింది. ఎటూ తేల్చలేని స్థితిలో మనల్ని వదిలేశారు.

ఇక నా వాదన మీద వచ్చే అభ్యంతరాలు. గాజీని ముంచింది రాజ్‌పుత్ కాదేమో అనడమే దేశానికి అవమానమని కోప్పడేవాళ్ళున్నారు. వాళ్ళ కోపాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ ఒక్కసారి ఆలోచించండి. మైను పేలినా, హైడ్రోజన్ పేలినా, డెప్త్ ఛార్జి తగిలినా, ఆ జలాంతర్గామి ఆ రాత్రి విశాఖ ముందు ఎందుకుంది? విక్రాంత్ ఇక్కడుందని నమ్మింది కాబట్టి. ఎవరు నమ్మించారు? ఆ పేలుడుకి కారణం ఏదైనా, గాజీ అండమాన్ నీళ్ళలో విక్రాంత్ పక్కన కాక, విశాఖ తీరంలో ఖాళీ సముద్రం ముందు ఉండిపోవడానికి కారణం మనకి ఖాయంగా తెలుసు. ఖాయంగా తెలిసినదాన్ని వదిలేసి, తేలనిదాన్ని పట్టుకుని వేలాడటం దేశభక్తి ఎలా అవుతుంది?

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. నమ్మించింది ఒక్క రాజ్‌పుతేనా? టెలిగ్రాంలూ, కూరగాయల ఆర్డర్లూ, ఒడ్డున కూర్చున్న అధికారుల బుర్రా కదా. నిజమే. రాజ్‌పుత్ లేకపోయినా గాజీ తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖ వైపు ఎలాగూ వచ్చి ఉండేదేమో. అదీ కొట్టిపారెయ్యలేను. కానీ ఒడ్డున టెలిగ్రాం రాసినవాడి మీదికి టార్పెడో రాదు. ఎత్తులో అందరి వాటా ఉంది, ప్రాణాపాయంలో మాత్రం రాజ్‌పుత్ నావికులకే వాటా.

మూడోది, రాజ్‌పుత్ మీద గాజీ ఒక్క టార్పెడో కూడా వదల్లేదు కదా, ఏ హానీ జరగని ఓడకి ఇంత పొగడ్త ఎందుకని. దీనికి నా జవాబు ఖుక్రీ. అదే డిసెంబరు 9న మన నేవీ గాజీ మునిగిందని ప్రకటించింది. అదే రాత్రి డయ్యూ దగ్గర అరేబియా సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన ఫ్రిగేట్ ఖుక్రీని టార్పెడోతో కొట్టింది. నిమిషాల్లో మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. తప్పించుకునే వీలున్నా కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోనే ఉండిపోయారు. జలాంతర్గామి కోసం వెతుకుతూ వెళ్ళిన ఓడకి ఏం జరగగలదో అది. రాజ్‌పుత్ తిరిగొచ్చింది కాబట్టి వాళ్ళు ఎదురెళ్ళిన చావు చిన్నదైపోదు. తిరిగొచ్చినవాళ్ళని మరిచిపోవడం మనకి అలవాటైంది.

విక్రాంత్ ఏమైందంటారా? డిసెంబరు 4న దాని సీహాక్ విమానాలు కాక్స్‌బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. ఆ తరవాత పన్నెండు రోజులు తూర్పు రేవుల్ని కదలనివ్వలేదు. డిసెంబరు 16న ఢాకాలో లొంగిపోయిన సైన్యానికి సముద్రం మీదుగా పారిపోయే దారి లేకుండా చేసినవాటిలో అదొకటి. పగిలిన బాయిలర్‌తో, ఏ జలాంతర్గామీ దరిచేరకుండా.

మా తమ్ముడి కొడుకు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు కుర్సురా చూపించాను. లోపలి ఇరుకు మెట్లు దిగుతూనే అడిగాడు.

"పెద్దనాన్నా, గాజీని ముంచింది ఇదేనా?"

"కాదు నాన్నా, ఇది అప్పుడు అరేబియా సముద్రంలో గస్తీలో ఉంది."

"మరి సినిమాలో సబ్‌మెరైనే కదా ముంచింది?"

2017లో మన తెలుగులోనే వచ్చిన ఆ సినిమా పిల్లవాడి బుర్రలో చరిత్రై కూర్చుంది. అది కల్పన అని సినిమా వాళ్ళూ దాచలేదు, వాళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ మన ఊరి ముందు, మన నీళ్ళలో జరిగిన అసలు కథ వాడికి చెప్పడానికి నేను చూపించగలిగింది ఏముంది? 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది, మంచిదే. ప్రతి డిసెంబరులో అక్కడ పూలు పెడతారు. కానీ ఆ స్మారకం విజయం గురించి మాట్లాడుతుంది, ఎర గురించి మాట్లాడదు. రాజ్‌పుత్‌ని వాడికి చూపించలేను, అది ఎప్పుడో ముక్కలైపోయింది.

గాజీ మాత్రం ఉంది. 2024లో మన నేవీ లోతుల్లోకి దిగే రక్షణ వాహనంతో ఆ శిథిలాల్ని గుర్తించింది. లోపల చనిపోయినవాళ్ళ మీది గౌరవంతో దాన్ని ముట్టుకోలేదు. ఆ వార్త చదివినప్పుడు మన నేవీ మీద నాకు గౌరవం పెరిగింది. ఆ 90 మందికి పైగా నావికులు కూడా ఆదేశం పాటించి వచ్చినవాళ్ళే. అబద్ధమని తెలియని సమాచారాన్ని నమ్మి, ఇల్లు వదిలి మూడు వారాలు ఇనుప గొట్టంలో గడిపి, ఇక్కడ పోయారు. వాళ్ళ చావుని చప్పట్లు కొట్టి చెప్పుకునే కథగా మార్చడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. గాజీని ముంచామన్న గొప్పకి బదులు, మావాళ్ళు ఎరగా వెళ్ళడానికి ఒప్పుకున్నారన్న గొప్ప చెప్పుకుంటే, అటువైపు వాళ్ళని తక్కువ చెయ్యాల్సిన అవసరమే రాదు.

నాకు కావాల్సినవి రెండు. బీచ్ రోడ్డు మీద, ఆ స్మారకం దగ్గరైనా కుర్సురా దగ్గరైనా, రాజ్‌పుత్ కోసం తెలుగులో ఒక పలక. అందులో గాజీని ముంచిందెవరన్న వాదన అక్కర్లేదు. విక్రాంత్ పేరు పెట్టుకుని సముద్రంలో తిరిగిన సంగతి, చీకట్లో ఛానెల్ మధ్య పైలట్‌ని దించి పూర్తి వేగంతో బయటికెళ్ళిన సంగతి, ఆ రాత్రి ఓడలో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ ఉంటే చాలు. వంటవాడితో సహా, బాయిలర్ గదిలో ఉన్నవాళ్ళతో సహా. రికార్డులు పోయాయంటున్నారు కానీ ఓడ సిబ్బంది జాబితా కూడా పోయిందంటే నేను నమ్మను. జీతాల పట్టీల్లోనైనా, పింఛను కాగితాల్లోనైనా ఆ పేర్లు ఎక్కడో ఉండే ఉంటాయి.

రెండోది ఆలస్యం చెయ్యకూడనిది. అప్పుడు ఇరవై ఏళ్ళున్న నావికుడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. రిటైరైన నేవీ వాళ్ళు విశాఖలో, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వాళ్ళలో రాజ్‌పుత్ మీద చేసినవాళ్ళు ఉండొచ్చు, ఆ ఓడ సంగతులు విన్నవాళ్ళు ఉండొచ్చు. మీ ఇంట్లో అలాంటి తాతగారు ఉంటే గాజీని ముంచిందెవరని అడక్కండి. ఆ జవాబు ఆయనకీ తెలిసి ఉండదు. ఆ రాత్రి ఓడలో ఆయన ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు, ఓడ ఛానెల్లో ఆగినప్పుడు ఏమనుకున్నారు, ఇవి అడగండి. ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టండి.